ప్లాస్టిక్‌లో అయస్కాంతత్వం: పాలిమర్‌ది ఎంత, ఉత్ప్రేరకానిది ఎంత?

2001లో నేచర్ పత్రికలో ఒక పరిశోధనా వ్యాసం వచ్చింది. అరవై కార్బన్ పరమాణువులతో ఫుట్‌బాల్ ఆకారంలో ఉండే సి60 అణువులను తీవ్రమైన ఒత్తిడి, వేడి కింద ఒకదానికొకటి అతికిస్తే, ఆ కార్బన్ పాలిమర్ గది ఉష్ణోగ్రతలో కూడా అయస్కాంతంలా ప్రవర్తిస్తోందని దాని సారాంశం. ఇనుము లేదు, నికెల్ లేదు, ఉన్నదల్లా కార్బనే. ఆ గుణం దాదాపు 500 కెల్విన్ దాకా నిలిచిందని కూడా అందులో రాశారు. అది చదివి ఎన్నో ల్యాబులు ఈ దారి పట్టాయి. 2006లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. నమూనాల్లో మొదట అనుకున్నదానికంటే ఎక్కువ ఇనుము ఉందని మళ్లీ చేసిన కొలతల్లో బయటపడింది. ఇనుమూ కార్బనూ కలిసి సిమెంటైట్ అనే పదార్థం అవుతుంది. అది అయస్కాంత గుణాన్ని కోల్పోయేది సుమారు 480 కెల్విన్ దగ్గర. కార్బన్ ఘనత అనుకున్న ఆ 500 అంకె పక్కన దీన్ని పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది.

సి60 విషయంలో లోహాన్ని ఎవరూ కావాలని కలపలేదు, ఎక్కడినుంచో చేరింది. కాంజుగేటెడ్ పాలిమర్ల సంగతి వేరు. కరెంటును మోసే, కాంతినిచ్చే ఈ ప్లాస్టిక్‌లలో ఎక్కువ భాగం లోహ ఉత్ప్రేరకం లేకుండా తయారే కావు. టైటానియం, టంగ్‌స్టన్, రోడియం, నికెల్, పల్లాడియం, ఇనుము, వీటిలో ఏదో ఒకటి మనమే ఫ్లాస్క్‌లో వేస్తాం. పని అయ్యాక ఆ లోహం రెండు గుర్తులు వదిలి వెళ్తుంది. ఒకటి పాలిమర్ గొలుసు ఆకారంలో ఉంటుంది. ద్విబంధం దగ్గర గొలుసు రెండు కొసలూ ఒకే పక్కకు ఉండే సిస్ వచ్చిందా, ఎదురెదురు పక్కలకు ఉండే ట్రాన్స్ వచ్చిందా, గొలుసుగా మారే చిన్న అణువులు, అంటే మోనోమర్లు, ఒకే వరుసలో అతుక్కున్నాయా, తలకిందులయ్యాయా అన్నది ఉత్ప్రేరకమే తేలుస్తుంది. ఆ ఆకారాన్ని బట్టే గొలుసు మీద జతలేని ఎలక్ట్రాన్లు ఎన్ని, ఎక్కడ అన్నది ఉంటుంది. రెండో గుర్తు ఎంత కడిగినా పూర్తిగా పోని లోహపు అవశేషం. మీటర్ మీద కనిపించే అయస్కాంత సంకేతం ఈ రెండింటి మొత్తం. అందుకే ఏ ఉత్ప్రేరకం వాడారు, ఎలా కడిగారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా ఇలాంటి పాలిమర్ అయస్కాంత గుణాల గురించి ఏ మాటా చెప్పకూడదని నా గట్టి నమ్మకం.

ముందు జతలేని ఎలక్ట్రాన్ సంగతి చూద్దాం. ప్రతి ఎలక్ట్రాన్‌కూ స్పిన్ ఉంటుంది, దానివల్ల అదొక అతి చిన్న అయస్కాంతం. మామూలు బంధంలో రెండు ఎలక్ట్రాన్లు ఎదురెదురు స్పిన్‌లతో జతకడతాయి కాబట్టి వాటి అయస్కాంతత్వం రద్దయిపోతుంది. పాలిథీన్ సంచి అయస్కాంతానికి అతుక్కోకపోవడానికి కారణం ఇదే. నిజానికి అది చాలా స్వల్పంగా వికర్షిస్తుంది. జతకట్టిన ఎలక్ట్రాన్లున్న పదార్థాలన్నిటికీ ఉండే ఈ డయా అయస్కాంత గుణాన్ని గుర్తుపెట్టుకోండి, లెక్కల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

కాంజుగేటెడ్ పాలిమర్ అంటే గొలుసు పొడవునా ఏకబంధం, ద్విబంధం ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చేది. అందరికంటే సరళమైనది పాలిఎసిటిలీన్. కార్బన్, పక్కన కార్బన్, ఒక్కోదానికి ఒక్కో హైడ్రోజన్, అంతే. ఇందులో జతలేని ఎలక్ట్రాన్ ఎలా పుడుతుంది? బంతి భోజనంలో ఇద్దరికొక కూరగిన్నె చొప్పున పెట్టుకుంటూ వస్తున్నారనుకోండి. వడ్డించేవాళ్లు ఇద్దరు, ఒకరు కుడి చివరినుంచి, ఇంకొకరు ఎడమ చివరినుంచి మొదలుపెట్టారు. వరుసలో మనుషులు బేసి సంఖ్యలో ఉంటే మధ్యలో ఎక్కడో ఒకరు జత లేకుండా మిగిలిపోతారు. ఆ మనిషికి ఒక పక్కన జతలన్నీ ఒక తీరున, ఇంకో పక్కన మరో తీరున ఉంటాయి. పాలిఎసిటిలీన్‌లో ద్విబంధాల వరుస ఇలా తీరు మారే చోటును సోలిటాన్ అంటారు. అక్కడ మిగిలిన ఎలక్ట్రాన్‌కు జత ఉండదు కాబట్టి స్పిన్ రద్దవదు. అది ఒకే కార్బన్ మీద కూర్చోకుండా పదీ పదిహేను కార్బన్ల మీద పరుచుకుని, గొలుసు వెంబడి జారుతూ తిరుగుతుంది.

జూలియో నట్టా 1958లో టైటానియం ఉత్ప్రేరకంతో పాలిఎసిటిలీన్ చేశాడు. వచ్చింది నల్లటి పొడి. దేనిలోనూ కరగదు, కరిగించి అచ్చు పోయడానికీ కుదరదు. దాంతో దాదాపు పదేళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1967లో టోక్యోలో హిడెకి షిరకావా పనిచేసే ల్యాబులో ఒక పరిశోధకుడు మిల్లీమోల్ అనుకోవాల్సిన చోట మోల్ అనుకుని వెయ్యి రెట్లు ఎక్కువ ఉత్ప్రేరకం వేశాడు. పొడికి బదులు ద్రావణం పైన మెరిసే పొర కట్టింది. పైకి ఇది అదృష్టం కథలా కనిపిస్తుంది. షిరకావా ఆ పొరను పారేయకుండా ఏళ్ల తరబడి దాని నిర్మాణాన్ని ఓపిగ్గా చదివాడు, అసలు కథ అది. మైనస్ 78 డిగ్రీల దగ్గర చేస్తే దాదాపు అంతా సిస్, రాగి రంగు పొర. 150 డిగ్రీల దగ్గర చేస్తే ట్రాన్స్, వెండి రంగు. అదే ఉత్ప్రేరకం, అదే వాయువు, మారింది ఉష్ణోగ్రత ఒక్కటే. 1977లో అలన్ మెక్‌డయర్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి దానికి అయోడిన్ వంటి హాలోజన్ ఆవిరి పట్టించినప్పుడు విద్యుత్ వాహకత కోటి రెట్ల దాకా పెరిగింది. ముగ్గురికీ 2000లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

వాహకత కథ అందరికీ తెలిసిందే. అయస్కాంతం వైపు కథకు అంత పేరు రాలేదు కానీ నాకైతే అదే ఎక్కువ ఆసక్తికరం. జతలేని ఎలక్ట్రాన్లను లెక్కపెట్టడానికి ఈఎస్ఆర్ అనే పరికరం ఉంది. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన నమూనా మీదికి మైక్రోవేవ్ పంపి, స్పిన్‌లు ఏ దగ్గర దాన్ని పీల్చుకుంటున్నాయో చూస్తుంది. అప్పుడే చేసిన సిస్ పొరలో సంకేతం చాలా తక్కువ. దాన్ని వేడిచేసి ట్రాన్స్‌గా మారిస్తే సంకేతం పెరుగుతుంది, గీత సన్నబడుతుంది. సుమారు మూడువేల కార్బన్లకు ఒక స్పిన్ తేలుతుంది. గీత సన్నగా ఉందంటే స్పిన్ ఒకచోట ఆగకుండా వేగంగా కదులుతోందని అర్థం. సిస్‌లో ఆ కదలిక ఎందుకు లేదు? ట్రాన్స్ గొలుసులో ద్విబంధాలను అటు జరిపినా ఇటు జరిపినా శక్తి ఒకటే, కాబట్టి సోలిటాన్ ఎక్కడికైనా జారగలదు. సిస్‌లో ఒక అమరికకు శక్తి తక్కువ, ఇంకోదానికి ఎక్కువ, అందుకని అది స్వేచ్ఛగా జారలేదు.

1979లో సు, ష్రీఫర్, హీగర్ ఇచ్చిన సిద్ధాంతం ఇంకో వింత చెప్పింది. విద్యుదావేశం లేని సోలిటాన్‌కు స్పిన్ ఉంటుంది. ఆవేశం ఉన్నదానికి స్పిన్ ఉండదు. మామూలు ఎలక్ట్రాన్‌లో రెండూ కలిసే ఉంటాయి, ఇక్కడ విడిపోయాయి. తక్కువ మోతాదులో అయోడిన్ లాంటివి పట్టించినప్పుడు వాహకత ఎగబాకుతూ ఉన్నా స్పిన్‌ల సంఖ్య దానితోపాటు పెరగకపోవడం దీనితో సరిపోయింది. కరెంటు బాగా పోతోంది కదా, జతలేని ఎలక్ట్రాన్లు కూడా ఎక్కువే ఉండి ఉంటాయి అని ఊహించేవాళ్లకు ఇది హెచ్చరిక.

పాలిఎసిటిలీన్ కరగదు కాబట్టి దాని నిర్మాణాన్ని లోతుగా చదవడం కష్టం. ప్రతి రెండో కార్బన్‌కు ఒక బెంజీన్ వలయాన్ని తగిలిస్తే పాలిఫినైల్ఎసిటిలీన్ అవుతుంది. ఇది కరుగుతుంది, అణు నిర్మాణాన్ని చూపే ఎన్ఎంఆర్ పరికరంలో చక్కగా చదవొచ్చు. ఉత్ప్రేరకం గొలుసు ఆకారాన్ని ఎలా నిర్ణయిస్తుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1974లో క్యోటోలో మసుదా బృందం టంగ్‌స్టన్, మాలిబ్డినం క్లోరైడ్‌లతో దీన్ని చేసి చూపింది. అక్కడ జరిగేది మెటాథెసిస్. లోహానికీ కార్బన్‌కూ మధ్య ద్విబంధం ఉంటుంది, అది మోనోమర్ త్రిబంధంతో కలిసి నాలుగు కొసల వలయంగా మారి, మళ్లీ వేరే చోట విడిపోతుంది. ఈ దారిలో సిస్, ట్రాన్స్ రెండూ కలగలిసిన గొలుసు వస్తుంది, టంగ్‌స్టన్‌తో ట్రాన్స్ పాలు ఎక్కువ. రోడియం సమ్మేళనానికి ట్రైఇథైల్అమైన్ జోడించి చేస్తే దారి వేరు. మోనోమర్ వచ్చి లోహానికీ గొలుసుకూ మధ్య ఉన్న బంధంలో దూరుతుంది, ప్రతిసారీ ఒకే పక్కనుంచి, ఒకే దిశలో. ఫలితంగా దాదాపు నూటికి నూరు పాళ్లు సిస్. బెంజీన్ వలయాలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఉండాలి కాబట్టి గొలుసు స్ప్రింగులా మెలి తిరుగుతుంది. మెలికలో పక్కపక్క ద్విబంధాలు ఒకే తలంలో ఉండవు, కాంజుగేషన్ మధ్యమధ్యలో తెగినట్టవుతుంది. అందుకే ఈ పొడి పసుపు రంగులో ఉంటుంది, జతలేని ఎలక్ట్రాన్లు కూడా దాదాపు ఉండవు.

జపాన్‌లో మురొరాన్‌లోని సాంకేతిక విద్యాసంస్థలో తబాతా బృందం ఈ పసుపు పొడి మీద చాలాకాలం పనిచేసింది. గాలి తీసేసిన అచ్చులో పెట్టి గట్టిగా నొక్కితే పొడి రంగు ముదురుతుంది. ఈఎస్ఆర్‌లో అంతకుముందు లేని సంకేతం లేస్తుంది. కొత్త రసాయనం ఏదీ కలపలేదు, చేసింది నొక్కడమే. ఒత్తిడికి మెలిక తట్టుకోలేదు, కొన్ని సిస్ ద్విబంధాలలోని రెండో బంధం (π బంధం) తెగి, అక్కడ గొలుసు గిర్రున తిరిగి ట్రాన్స్ అవుతుంది. తెగిన చోట రెండు ఎలక్ట్రాన్లు జత తప్పుతాయి. చాలావరకు మళ్లీ జతకడతాయి. కొన్ని ట్రాన్స్‌గా మారి చదునైన గొలుసు మీద దూరంగా పరుచుకుని అలాగే ఉండిపోతాయి. ఈ ప్రయోగం విలువ ఎక్కడుందంటే, నొక్కక ముందు ఎంత రోడియం ఉందో నొక్కాక కూడా అంతే ఉంది. మారింది సంకేతం మాత్రమే. కాబట్టి ఆ స్పిన్‌లు పాలిమర్‌వేనని నమ్మడానికి గట్టి ఆధారం ఉంది.

పాలిథయోఫీన్ల దగ్గరికి వస్తే చిక్కు ముదురుతుంది. 3-హెక్సైల్‌థయోఫీన్‌ను ఫెర్రిక్ క్లోరైడ్‌తో పాలిమర్ చేయడం చౌక, సులువు. ఒక మోల్ మోనోమర్‌కు నాలుగు మోల్‌ల ఫెర్రిక్ క్లోరైడ్ వేయడం మామూలు, బరువులో చూస్తే మోనోమర్‌కు దాదాపు నాలుగు రెట్లు. అంటే ఇక్కడ ఇనుము చిటికెడు ఉత్ప్రేరకం కాదు, ఫ్లాస్క్‌లో ఎక్కువ భాగం అదే. ఒక్కో ఫెర్రిక్ అయాన్‌లో ఐదు జతలేని ఎలక్ట్రాన్లుంటాయి. పైగా మిగిలిపోయిన ఇనుము ఊరుకోదు, పాలిమర్ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని గొలుసు మీద పోలరాన్ అనే ఆవేశాన్ని పుట్టిస్తుంది. దానికీ స్పిన్ ఉంటుంది. కాబట్టి సంకేతంలో ఇనుము సొంత వాటా ఒకటి, ఇనుము వల్ల పాలిమర్‌లో పుట్టిన వాటా ఒకటి. దీన్ని విడదీయడం నిజంగా టెన్షన్ పెట్టే పని. 1992లో రిచర్డ్ మెకల్లో అనే శాస్త్రవేత్త నికెల్ ఉత్ప్రేరకంతో చేసిన పద్ధతిలో మోనోమర్లన్నీ దాదాపు ఒకే వరుసలో, తలకు తోక చొప్పున అతుక్కున్నాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో అలా సరిగ్గా అతికేవి 70 నుంచి 80 శాతమైతే ఇక్కడ 98 శాతం. గొలుసు చదునుగా పరుచుకుంటుంది, గొలుసులు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటాయి. లోహం కూడా మోల్ లెక్కన ఒక శాతం అటూ ఇటూ చాలు. కానీ నికెల్ లోహంగా మారి మిగిలితే అది స్వయంగా ఫెర్రో అయస్కాంతం, అంటే ఇనుములా స్పిన్‌లు ఒకే దిశకు తిరిగి నిలిచేది.

అవశేషం ఎంత ఉంటే ప్రమాదం? ఇక్కడ లెక్క వేసి చూడాల్సిందే. ఒక గ్రాము ట్రాన్స్ పాలిఎసిటిలీన్ తీసుకుందాం. మూడువేల కార్బన్లకు ఒక స్పిన్ చొప్పున అందులో సుమారు 1.5 × 10¹⁹ స్పిన్‌లు ఉంటాయి. అంకె పెద్దదే. కానీ అవి దేనికది విడిగా ఉండే పారా అయస్కాంత స్పిన్‌లు. గది ఉష్ణోగ్రతలో వేడి వాటిని చెదరగొడుతూనే ఉంటుంది. ఒక టెస్లా క్షేత్రం పెట్టినా వెయ్యిలో రెండు వంతులు మాత్రమే నికరంగా క్షేత్రం వైపు మొగ్గుతాయి. వాటన్నిటి నుంచి వచ్చే అయస్కాంతత్వం, అదే క్షేత్రంలో ఒకటిన్నర మైక్రోగ్రాముల లోహ ఇనుము ఇచ్చేదానితో సమానం. గ్రాముకు ఒకటిన్నర మైక్రోగ్రాములు అంటే పది లక్షల్లో ఒకటిన్నర వంతు. స్టీలు స్పాచులా అంచు రాసుకున్నా, అయస్కాంతపు స్టిరర్ గోళీ పైపొర అరిగినా ఆ మాత్రం చేరిపోవచ్చు. పాలిమర్ సొంత డయా అయస్కాంత వికర్షణ ఈ రెండింటికంటే పది రెట్లకు పైనే ఉంటుంది, ముందు దాన్ని జాగ్రత్తగా తీసేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్క దాన్ని కాస్త తప్పుగా తీసివేసినా మిగతా రెండింటి విలువ తారుమారవుతుంది.

పల్లాడియం వాడితే కొంత ఊరట. అది మామూలుగా ఫెర్రో అయస్కాంతం కాదు, రోడియం కూడా కాదు. అయినా పల్లాడియంతో చేశాం కాబట్టి నిశ్చింత అనుకోలేం. కొనుక్కునే రసాయనాల్లో ఇనుము జాడలు ఉంటూనే ఉంటాయి.

విడదీయడానికి చేసే పరీక్షల్లో కొన్ని తేలికైనవే. ఈఎస్ఆర్‌లో కార్బన్ మీది స్పిన్, గీత ఏ చోట వస్తుందో చెప్పే జి విలువ 2.002, 2.003 దగ్గర సన్నటి గీతగా వస్తుంది. ఇనుప రేణువులు వెడల్పుగా, వంకరగా పరుచుకున్న సంకేతం ఇస్తాయి. ఐసీపీ మాస్ స్పెక్ట్రోమెట్రీతో లోహం ఎంత ఉందో నేరుగా కొలవొచ్చు. ఆ కొలత చేయాల్సింది అయస్కాంత పరీక్షకు పెట్టిన ముక్క మీదే, అదే బ్యాచ్‌లోని ఇంకో ముక్క మీద చేస్తే సరిపోదు, ఎందుకంటే ఇనుము ఎక్కడో ఒక రేణువులోనే దాగి ఉండొచ్చు. కడిగినకొద్దీ సంకేతం తగ్గుతుంటే, లోహం శాతంతో పాటే తగ్గుతుంటే అది పాలిమర్‌ది కాదు. అదే గొలుసును వేరే లోహంతో చేసి చూడటం ఇంకా బలమైన సాక్ష్యం. అన్నిటికంటే సూటైనది, తీవ్రమైన ఎక్స్‌రేలను పుట్టించే సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం దగ్గర చేసే ఎక్స్‌రే డైక్రోయిజం పరీక్ష. ఒక్కో మూలకం దగ్గర ఎక్స్‌రేను నిలిపి, అయస్కాంతత్వం కార్బన్‌దా, ఇనుముదా అని విడివిడిగా అడగొచ్చు. ఆ యంత్రం మీద సమయం దొరకడం కష్టం, కానీ పెద్ద ప్రకటన చేయదలచుకున్నవాళ్లు ఆ కష్టం పడాలి. 1987లో సోవియట్ శాస్త్రవేత్తలు నైట్రాక్సైడ్ రాడికల్స్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న సమూహాలు) ఉన్న డైఎసిటిలీన్ పాలిమర్ గది ఉష్ణోగ్రతలోనే ఫెర్రో అయస్కాంతం అని ప్రకటించారు. ఆ గుణం పదార్థంలో అతి కొద్ది భాగానికే పరిమితమైంది, ఇతరులు చేస్తే నిలకడగా రాలేదు. మలినం మీద అనుమానం ఇప్పటికీ పోలేదు.

జతలేని ఎలక్ట్రాన్లు ఉన్నంత మాత్రాన అయస్కాంతం అయిపోదు. అవన్నీ ఒకే దిశకు తిరగాలి, వేడి చెదరగొట్టకుండా ఆ అమరిక నిలవాలి. ఇక్కడ కూడా నిర్ణయించేది గొలుసు ఆకారమే. ఒక బెంజీన్ వలయానికి రెండు రాడికల్స్‌ను పారా స్థానాల్లో, అంటే ఎదురెదురు మూలల్లో తగిలిస్తే వాటి ఎలక్ట్రాన్లు వలయం గుండా జతకట్టి బంధంగా మారిపోతాయి. 1904లో థీల చేసిన హైడ్రోకార్బన్ ఇలాంటిది. మెటా స్థానాల్లో, అంటే మధ్యలో ఒక మూల విడిచి తగిలిస్తే జతకట్టే దారి లేదు, రెండు స్పిన్‌లూ ఒకే దిశకు తిరుగుతాయి. 1915లో ష్లెంక్ చేసింది ఇది. రెండు అణువుల్లోనూ ఉన్నవి అవే పరమాణువులు, అంతే సంఖ్యలో. 1978లో ఒవ్చిన్నికోవ్ దీన్ని నియమంగా చెప్పాడు. కార్బన్లకు ఒకటి విడిచి ఒకటిగా చుక్క పెట్టుకుంటూ పోండి. చుక్కవి, చుక్కలేనివి ఎన్ని తేడా ఉంటే అన్ని స్పిన్‌లు ఒకే దిశలో నిలుస్తాయి. ఈ నియమం ప్రకారం పొడవాటి గొలుసు కట్టాలంటే ప్రతి అతుకూ మెటా స్థానంలోనే పడాలి, ఒక్కటి కూడా తప్పకూడదు. అంత ఖచ్చితంగా అతికించగలిగేవి లోహ ఉత్ప్రేరకాలే.

వాసెదా విశ్వవిద్యాలయంలో నిషిదే బృందం మొదట పాలిఫినైల్ఎసిటిలీన్ గొలుసుకు రాడికల్స్ తగిలించి చూసింది. స్పిన్‌లు ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. ఇంతకుముందు చెప్పిన మెలికే కారణం, ద్విబంధాలు ఒకే తలంలో లేకపోతే ఒక స్పిన్ ప్రభావం పక్కదానికి చేరదు. ఆ తర్వాత వాళ్లు పల్లాడియంతో అతికించే పాలిఫినిలీన్ వినైలీన్ గొలుసుకు మారారు. అది చదునుగా ఉంటుంది, అక్కడ కొన్ని స్పిన్‌లు కలిసి ఒకే దిశకు తిరిగాయి.

గొలుసుకు ఒక బలహీనత ఉంది. మధ్యలో ఒక్క రాడికల్ చచ్చిపోతే అటుపక్క స్పిన్‌లకూ ఇటుపక్క స్పిన్‌లకూ సంబంధం తెగిపోతుంది. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఆంద్రెజ్ రాయ్‌ట్సా బృందం దీనికి వలలాంటి నిర్మాణంతో జవాబు చెప్పింది. వలయాకారపు అణువులను పల్లాడియం ఉత్ప్రేరకంతో, నెగిషి పద్ధతిలో ఒకదానికొకటి కలిపారు. ఒక దారి తెగినా ఇంకో దారి ఉంటుంది. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం స్పిన్ క్వాంటం సంఖ్య సగటున 5000 దాకా వెళ్లింది. అంటే పదివేల ఎలక్ట్రాన్లు ఒకే దిశకు తిరిగినట్టు. 10 కెల్విన్ కంటే కింద చిన్న క్షేత్రాల్లో ఆ స్పిన్‌ల దిశ మారడం నెమ్మదించింది, అయస్కాంత క్రమం మొదలైనట్టు గుర్తు. పది కెల్విన్ అంటే మైనస్ 263 డిగ్రీలు. పాలిమర్ కాని పూర్తి కర్బన ఫెర్రో అయస్కాంతం 1991లో జపాన్‌లో దొరికింది, దానిది 0.6 కెల్విన్. దాని పక్కన పెట్టి చూస్తే ఇది పెద్ద అడుగే.

ఈ ఫలితాన్ని నేను నమ్మడానికి కారణం దాని తయారీ వరుస. పల్లాడియం పని చేసేది మొదటి మెట్టులో. అప్పటికి చేతికి వచ్చేది ఈథర్ సమూహాలున్న పాలిమర్, అందులో జతలేని ఎలక్ట్రాన్లు లేవు. ఆ తర్వాత సోడియం, పొటాషియం మిశ్రమంతో ఈథర్లను తొలగించి, గడ్డకట్టే చలిలో అయోడిన్‌తో రాడికల్స్ పుట్టిస్తారు. ఉత్ప్రేరకపు అవశేషమే సంకేతం ఇస్తుంటే మొదటి మెట్టులోనే ఇవ్వాలి. ఈ నమూనాను గది ఉష్ణోగ్రతకు తెస్తే రాడికల్స్ నశిస్తాయి, వాటితోపాటే ఆ అయస్కాంతత్వమూ పోతుంది. ఇనుప రేణువుల సంకేతం గది ఉష్ణోగ్రతలో పోదు.